యాభై నాలుగు మిల్లీగ్రాములు

2021 డిసెంబరు. నరసరావుపేటలో నా కొట్టు ఉన్న సందుకి ఒకవైపు బంగారం కొట్లు, రెండోవైపు మిరపకాయల కమీషన్ కొట్లు. నేను కాటాలు బాగుచేస్తాను. బంగారం తూచే చిన్న కాటా నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తూచే ప్లాట్‌ఫారం కాటా దాకా అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. ఏడాదికోసారి ప్రతి కాటాకి తూనికల శాఖ వాళ్ళు ముద్ర వేస్తారు. దాన్నే స్టాంపింగ్ అంటాం. ఆ ముద్ర పడేలోగా కాటాని నిజం చెప్పేలా చెయ్యడం నా పని. ఇంటర్‌లో లెక్కలు తప్ప అన్నీ తప్పినవాణ్ణి. మిగిలింది చేతులు, చెవులు పెట్టి నేర్చుకున్నదే.

కాటాల వాడికి నాణేలతో పనేంటి అనొచ్చు. నా దగ్గర టెస్ట్ వెయిట్ల పెట్టె ఒకటి ఉంది. లోపల మఖమల్ గుడ్డ, గుంటల్లో వరసగా మిల్లీగ్రాము నుంచి రెండొందల గ్రాముల దాకా తూకపురాళ్ళు. వాటిని వేళ్ళతో ముట్టకూడదు, చిన్న పట్టకారు లాంటి చిమటాతో తియ్యాలి. వేలి జిడ్డు కూడా బరువే. ఇరవై ఐదేళ్ళు అలా పనిచేసినవాడి చేతికి ఒక మంచి నాణెం ఇస్తే, ఎవరూ చెప్పకుండానే అంచు పట్టుకుని తీసుకుంటాడు. బంగారం కొట్ల వాళ్ళు అది చూసే, పాత వెండి రూపాయి వస్తే "ఖాజా మేస్త్రికి చూపించండి" అని పంపడం మొదలుపెట్టారు. అలా నాణేలు తూచడం, తర్వాత కొనడం, తర్వాత వాటి గురించి చదవడం అలవాటైంది. చెలామణిలో తిరిగిన నాణేల సంగతి నాకు బాగానే తెలుసు. ప్రూఫ్ నాణేల విషయంలో మాత్రం అప్పటికి నేను కొత్తవాణ్ణి. మొత్తం మీద తొమ్మిదో పదో చూసి ఉంటాను.

ప్రూఫ్ అంటే చెలామణి కోసం కాక, దాచుకునేవాళ్ళ కోసం టంకశాల ప్రత్యేకంగా కొట్టే నాణెం. అచ్చునీ బిళ్ళనీ ముందే మెరుగు పెట్టి, ఒకటికి రెండు దెబ్బలు కొడతారు. అందుకని దాని ఖాళీ జాగా అద్దంలా ఉంటుంది, దాన్ని ఫీల్డ్ అంటారు. ఆ అద్దం మీద బొమ్మ మాత్రం మీగడలా తెల్లగా, మెరుపు లేకుండా నిలబడుతుంది, దాన్ని ఫ్రాస్ట్ అంటారు. ఎంత బాగా నిలిచిందో చూసి పి.ఎఫ్. అనే అక్షరాల పక్కన డెబ్భై దాకా ఒక అంకె వేస్తారు. అరవై నాలుగంటే బాగున్నట్టు. దెబ్బతిన్నదానికి అంకె వెయ్యరు, ఏం దెబ్బో రాస్తారు. ధర అంతా ఆ అంకెని బట్టే.

ఆ డిసెంబరులో గురజాల నుంచి శేషగిరిరావు గారు, ఆయన చెల్లెలు భ్రమరమ్మ కలిసి వచ్చారు. శేషగిరి గారిది ఇత్తడి సామాన్ల కొట్టు. వాళ్ళ నాన్న నడిపిన కొట్టే. ఆ పెద్దాయన త్రాసుని, తర్వాత ఎలక్ట్రానిక్ కాటాని పదిహేనేళ్ళు నేనే చూశాను. భ్రమరమ్మ సత్తెనపల్లిలో జెరాక్స్, స్టేషనరీ కొట్టు పెట్టుకుంది. నాన్న పోయి ఏడాది దాటింది. ఇల్లూ కొట్టూ ముందే పంచుకున్నారు. మిగిలింది రెండు నాణేలు.

డెబ్భైల మొదట్లో వచ్చిన పది రూపాయల వెండి ప్రూఫ్ నాణేలు అవి. ఒకే రకం, ఒకే ఏడాది. పెద్దాయన బొంబాయి టంకశాలకి మనియార్డరు కట్టి రెండు తెప్పించాడు. రసీదు కూడా ఉంది. పిల్లలకి చెరొకటి అని చెప్పేవాడట. ఏది ఎవరిదో మాత్రం చెప్పలేదు.

"రెండూ ఒకటేననుకుంటే గొడవే లేదు మేస్త్రీ," అన్నాడు శేషగిరి గారు. "ఇప్పుడు చూడు, ఒకటి లక్ష్మీదేవి మొహంలా ఉంది. ఇంకోటి పాచి పట్టిన గచ్చులా ఉంది."

మెరిసేది పూజ పెట్టెలోది. ఏటా ధనత్రయోదశికి బయటికి తీసి పూజలో పెట్టేది. రెండోది బీమా పాలసీ కాయితాలకి ఇచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లో, రసీదుతో పాటు బీరువాలో పడుంది. దాని మీద ఆకుపచ్చ పొర, ముట్టుకుంటే కాస్త జిగట.

"నాకు ఏదైనా ఫర్వాలేదండీ," అంది భ్రమరమ్మ. "చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూచుని చూసినవే. అమ్ముకోను. దీంతో మొదలుపెట్టి నేను కూడా దాచుకుందామని. కాకపోతే సమానంగా జరగాలి. తర్వాత ఎవరి నోటా మాట రాకూడదు."

సమానంగా అంటే నాకు ఇష్టమైన మాట. రెండూ బంగారం కాటా మీద తూచాను. మెరిసేది 14.952 గ్రాములు. పచ్చది 15.006. ఉండాల్సింది పదిహేను. నోటుబుక్కులో రాసుకున్నాను. మెరిసేదాన్ని ట్యూబ్‌లైటు కింద తిప్పి చూస్తే కళ్ళు చెదిరాయి. పి.ఎఫ్. 64 అన్నాను. ఆ నెలలో నాకు కనబడిన అమ్మకాలు చూసి 5,500 వేశాను. పచ్చదానికి "దెబ్బతిన్నది" అని రాసి, వెండి ధర మీద కొంచెం కలిపి 900 వేశాను. తేడా 4,600. అందులో సగం 2,300. మెరిసేది తీసుకున్నవాళ్ళు రెండోవాళ్ళకి 2,300 ఇస్తే ఇద్దరికీ 3,200 చొప్పున సరిపోతుంది.

శేషగిరి గారు అక్కడికక్కడే లెక్కపెట్టి చెల్లెలి చేతిలో పెట్టాడు. "ఏమే, తృప్తేనా?" అన్నాడు. ఆమె తలూపింది. రెండొందలు ఫీజు తీసుకుని, కాయితం మీద సంతకం చేసి, కొట్టు సీలు కూడా వేసి ఇచ్చాను. ఒక కాపీ నా దగ్గర పెట్టుకున్నాను. పైసా తేడా లేకుండా పంచానని ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకున్నాను కూడా.

తర్వాత భ్రమరమ్మ నెలకోసారి వచ్చేది. ఆ 2,300తో ఒక లూప్, అంటే పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, ఒక ఆల్బం, రెండు చిన్న నాణేలు కొనుక్కుంది. అడిగే ప్రశ్నలు నన్ను మించిపోయేవి. ఆమె అడిగినదానికి జవాబు చెప్పడానికే నేను చాలాసార్లు ముందురోజు కూర్చుని చదివేవాణ్ణి.

2023 ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, ఆ పచ్చ నాణెం బల్ల మీద పెట్టింది. అప్పటికి దాన్ని గట్టి డబ్బాలోకి మార్చింది.

"మేస్త్రిగారూ, ఇది లోపలి తెగులు కాదేమో. పైన పొర పట్టిందేమో చూడండి."

"ఎట్టా చెప్తావమ్మా?"

"కవరు అంటుకున్న చోటే పచ్చగా ఉంది. అంచు కింద కవరు తగలని గాడిలో లేదు. లోపలి నుంచి చెడితే అక్కడ కూడా రావాలి గదా."

లూప్ పెట్టి చూశాను. ఆమె చెప్పింది నిజం. మెత్తటి ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఒక నూనె లాంటిదాన్ని వదులుతుంది. అది వెండిలో కలిసిన రాగితో చేరి పచ్చగా కమ్ముతుంది. తొందరగా పట్టుకుంటే కరిగించి తియ్యొచ్చు. ఆలస్యమైతే అది నాణేన్ని తినేస్తుంది. లోపల ఏముందో పొర తీస్తే గానీ తెలియదు. తీశాక మళ్ళీ పెట్టలేం.

దాన్ని కరిగించేది అసిటోన్. గోళ్ళ రంగు తుడిచే సీసాలో ఉండేది కాదు, అందులో వాసనలూ నూనెలూ కలుపుతారు. లాబ్‌లో వాడే శుద్ధమైనది కావాలి. తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ ద్వారా ఒక సీసా తెప్పించాను. భ్రమరమ్మ నాణేన్ని మాత్రం వెంటనే ముట్టలేదు. నా దగ్గరున్న మూడు మామూలు పాత నాణేలకి అలాంటి పొరే ఉంటే, ముందు వాటి మీద చేసి చూశాను. గాజు గిన్నెలో పోసి, నాణేన్ని దించి, కదపకుండా వదిలెయ్యాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, తలుపులు తెరిచి ఉండాలి. తుడవకూడదు. ఎంత ఆత్రంగా ఉన్నా సరే, గుడ్డ తగలకూడదు. మూడిట్లో రెండు బాగా వచ్చాయి, ఒకటి లోపల గుంటలు పడి ఉంది.

"మూడింట్లో ఒకటి పోయింది," అన్నాను ఆమెకి ఫోన్‌లో. "నీది ఎటు పోద్దో చెప్పలేను."

"వదిలేస్తే ఎటు పోద్ది?"

"కుళ్ళిపోద్ది."

"అయితే ఇంక ఆలోచించేదేంది? చెయ్యండి. నేనొస్తా, నా ఎదురుగా చెయ్యండి."

మర్నాడు ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ముందు తూచాను, 15.006. గిన్నెలో దించాను. పది నిమిషాలు ఆగాం. ద్రవం కొద్దిగా మసకైంది. రెండో గిన్నెలో కొత్త అసిటోన్ పోసి మార్చాను. తర్వాత చిమటాతో తీసి, ఆరనిచ్చి, అంచు పట్టుకుని ఆమె వైపు వంచాను.

ఫీల్డ్ నల్లగా, లోతుగా, బావిలో నీళ్ళలా ఉంది. దాని మీద మూడు సింహాలు తెల్లగా, జూలులో వెంట్రుక కూడా పోకుండా. పక్కనున్న దినపత్రిక ముక్కని దగ్గరికి తెస్తే అక్షరాలు తిరగబడి నిక్కచ్చిగా కనబడుతున్నాయి.

"నా ముక్కు కనపడుతోంది!" అంది భ్రమరమ్మ. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "మా నాన్న చూపించినప్పుడు ఇట్టాగే ఉండేది. మేస్త్రిగారూ, ఇదే! ఇట్టాగే!"

మళ్ళీ తూచాను. 15.006. పొర బరువు నా కాటాకి అందనంత తక్కువ. ఆ అంకె రాయడానికి నోటుబుక్కులో పాత పేజీ తిప్పాను. దాని పైన వాళ్ళ అన్న నాణెం అంకె కనబడింది. 14.952.

అక్కడ నా నవ్వు ఆగిపోయింది.

యాభై నాలుగు మిల్లీగ్రాములు. టంకశాల నుంచి వచ్చేటప్పుడే నాణేనికీ నాణేనికీ కాస్త హెచ్చుతగ్గులు ఉంటాయి, నిజమే. ఆ హెచ్చుతగ్గుని టాలరెన్స్ అంటాం. ఆ రోజు నేను అలాగే అనుకుని వదిలేశాను. కానీ బంగారం కొట్టు కాటా యాభై నాలుగు మిల్లీగ్రాములు తేడా చూపిస్తే నేను వదిలేస్తానా? విప్పి, ఎందుకు అని అడగనూ? ఇప్పుడు ఎదురుగా అసలు ప్రూఫ్ ఎలా ఉంటుందో కనబడుతుంటే, మెరిసేది ఎలా ఉందో గుర్తొచ్చింది. దాని సింహాలు కూడా ఫీల్డ్‌తో సమానంగా మెరిశాయి. ఫ్రాస్ట్ లేదు. జూలు నున్నగా ఉంది. పుట్టుకతో వచ్చిన మెరుపు కాదది. గుడ్డతో వచ్చిన మెరుపు.

ఇత్తడి కొట్టు ఇల్లు అది. మరొకరింట్లో అయితే చింతపండు పెట్టి గీకి, చూడగానే తెలిసేలా పాడుచేసేవాళ్ళు. వీళ్ళ చేతికి మెరుగు పెట్టడం మూడు తరాల విద్య. అంత బాగా రుద్దారు కాబట్టే నేను మోసపోయాను.

ఆమెకి చెప్పాను.

"అయితే ఇప్పుడు లెక్కేంది?"

కాయితం తీసుకుని రాశాను. ఆమెది 6,200. వాళ్ళ అన్నది వెండి విలువ మీద కొంచెం, 1,000. తేడా 5,200, సగం 2,600. అన్న ఇచ్చిన 2,300 తిరిగి ఇవ్వాలి. మొత్తం 4,900.

"నేను ఇయ్యాలా?"

"నా కాయితం ప్రకారం పంచుకున్నారు. ఆ కాయితం తప్పు. సరైన లెక్క ఇది."

"కూడిక సరిగ్గా చేశారా?"

"రెండుసార్లు చేశా."

"మూడోసారి చెయ్యండి," అంది. నేను నిజంగానే మూడోసారి చేశాను. అంతే వచ్చింది.

ఆమె డబ్బా మూత పెట్టింది. బయట సందులో ఎవరో మిర్చి టిక్కీల బండి తిప్పుకోలేక అరుస్తున్నారు. "అన్నయ్య దగ్గరున్నదాన్ని ఇంకెవరూ చూడరు గదా," అంది మెల్లగా. "పూజ పెట్టెలో ఉంటది. ఆయన అమ్మడు. ఆయనకి తెలిసే పనే లేదు."

"చూడరమ్మా. కానీ నేను చూశాను గదా."

ఆమె మాట నాకు కోపం తెప్పించలేదు. జెరాక్స్ కొట్టులో 4,900 అంటే ఎన్ని కాయితాలో నాకు తెలుసు. పైగా తప్పు నాది, కట్టేది ఆమె. "డబ్బు సంగతి మీ ఇష్టం, మీ ఇంటి సంగతి," అన్నాను. "కాయితం మాత్రం నాది. దాన్ని నేను వెనక్కి తీసుకోవాలి. ఆదివారం గురజాల వెళ్తున్నా."

లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "పిడుగురాళ్ళ బస్టాండులో ఉంటా. తొమ్మిదింటికల్లా రండి. ఒక్కరే పోతే మా అన్నయ్య మిమ్మల్ని తినేస్తాడు."

ఆదివారం కొట్టు సగం తీసి ఉంది. శేషగిరి గారు గుండిగల మధ్య పీట మీద కూర్చుని ఒక దీపపు సెమ్మెకి మెరుగు పెడుతున్నాడు. మా ఇద్దర్నీ కలిపి చూసి చెయ్యి ఆపాడు.

"ఏంది మేస్త్రీ, కాటా బాగానే ఉందే, పిలవలా?"

"కాటా కాదండీ. నేనిచ్చిన కాయితం తప్పు. అది చెప్పడానికొచ్చా."

మొత్తం చెప్పాను. ఆయన సెమ్మె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"పోయినసారి సీలేసి మరీ ఇచ్చావు. ఇప్పుడొచ్చి అది కాదంటున్నావు. వచ్చే ఏడు ఇంకోటి చెప్పవని ఏంది నమ్మకం?"

"కాటాకైనా ఏడాదికోసారి మళ్ళీ చూసే ముద్ర వేస్తారు గదండీ."

"బాగానే నేర్చావు మాటలు." ఆయన గొంతు పెరిగింది. "నలభై ఏళ్ళుగా నా చేత్తో చేస్తున్నా. విభూతి పెట్టి, పట్టుగుడ్డతో. ఒక్క నలుసు లేకుండా. దేవుడి దగ్గర పెట్టేదాన్ని మురిగ్గా పెడతామా? దాన్ని పాడు చేశానంటావు, అంతేనా?"

"చేసింది తప్పని నేననను. పూజకి అట్టాగే పెట్టాలి. నేను ధర వేసిందే తప్పు. తెచ్చి మీరే చూడండి, నేను ముట్టను."

భ్రమరమ్మ అంది: "అన్నయ్యా, చూస్తే పోయేదేముంది? ఎప్పుడూ కళ్ళజోడు లేకుండా రుద్దుతావు. ఇయ్యాల కళ్ళజోడు పెట్టుకుని చూడు."

ఆయన లోపలికి వెళ్ళి, స్నానం చేసి, కుంకుమ కడిగి తీసుకొచ్చాడు. ఈసారి ట్యూబ్‌లైటు ఆపించాను. ఇది కూడా ఆలస్యంగా నేర్చుకున్నదే. ట్యూబ్‌లైటు వెలుగు అన్ని వైపుల నుంచీ పడి గీతల్ని దాచేస్తుంది. ఒకే ఒక్క బల్బు కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పితే గీతలు మేలుకుంటాయి. వెంట్రుక కన్నా సన్నటి గీతలు, హెయిర్‌లైన్స్ అంటారు. కొట్టు వెనక గదిలో ఒక గుండ్రటి బల్బు ఉంది. దాని కింద గుడ్డ పరిచి, రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి, లూప్ ఆయన చేతికిచ్చాను.

ముందు చెల్లెలిది చూశాడు. తర్వాత తనది చూశాడు. చాలాసేపు చూశాడు. లూప్ కంటికి పెట్టుకునే ఉన్నాడు, ఎడమచేతి బొటనవేలు మాత్రం గాలిలో చిన్న సున్నా చుట్టింది. మళ్ళీ చుట్టింది. గుడ్డ పట్టుకుని రుద్దేటప్పుడు తిరిగినట్టే తిరిగింది.

"ఇది నా చెయ్యే," అన్నాడు.

భ్రమరమ్మ కూడా వంగి చూసింది.

"మా నాన్న కుడిచేత్తో రుద్దేవాడు, ఆయన సున్నా ఇటు తిరిగేది. నాది ఎడం చెయ్యి. ఇయ్యన్నీ ఎడం నుంచి తిరిగినయ్. మా కొట్లో బిందె చూసి ఎవరు మెరుగు పెట్టారో చెప్తా నేను. నాది నాకు తెలవదా?" లూప్ కింద పెట్టాడు. "ఎంత పోయింది?"

"యాభై నాలుగు మిల్లీగ్రాములు."

"అంటే ఎంత?"

"రెండున్నర బియ్యపు గింజలు."

ఆయన నా మొహం చూశాడు, చెల్లెలి మొహం చూశాడు. ఉన్నట్టుండి గట్టిగా నవ్వాడు. "రెండున్నర గింజలకి అయిదు వేలా! నలభై ఏళ్ళకి రెండున్నర గింజలు! నా చెయ్యి ఎంత తేలికో చూశావే, భ్రమరా!"

"నీ చెయ్యి తేలికే. నీ నోరే బరువు," అంది ఆమె. సంచిలోంచి కవరు తీసి పీట మీద పెట్టింది. "మేస్త్రిగారి లెక్క. నాలుగు వేల తొమ్మిదొందలు."

నేను ఆమె వైపు చూశాను. తెస్తానని నాతో అనలేదు. బస్సులో ముప్పావుగంట పక్కనే కూర్చుని కూడా అనలేదు.

శేషగిరి గారు కవరు విప్పి లెక్కపెట్టాడు. వ్యాపారస్తుడు కదా, చెల్లెలైనా లెక్కపెట్టే తీసుకుంటాడు. 2,300 తీసి గల్లాపెట్టెలో వేశాడు. మిగిలిన 2,600 కవర్లో పెట్టి వెనక్కి తోశాడు.

"అది కూడా మీదేనండీ," అన్నాను. "తేడాలో సగం."

"నీ రెండో లెక్క కూడా తప్పే, ఖాజా."

కూడిక మూడుసార్లు చేసినవాణ్ణి. "ఎక్కడ తప్పు?"

"నాన్న తెప్పించినప్పుడు రెండూ ఒకటేనా కాదా?"

"ఒకటే."

"ఇది ఎందుకు తగ్గింది? నేను రుద్ది అరగదీశా. ఏటా నేనే రుద్దా, నా ఇంట్లో పూజకి. దానికి చెల్లెలు సగం కట్టడమేంది? అది ఎందుకు పెరిగింది? ఈ పిల్ల వదిలెయ్యకుండా దాన్ని పట్టుకుని తిరిగింది. దాంట్లో నాకు సగమేంది? నేనిచ్చింది నాకొస్తే చాలు. ధరలు సరిగ్గానే వేశావు. కారణం వెయ్యలా."

నేను నోటుబుక్కు తీసి మొదటి నుంచీ చూసుకున్నాను. అంకెల్లో ఎక్కడా తప్పు లేదు. ఆయన చెప్పినదానికి నా కాయితంలో గడే లేదు.

నా పాత కాయితం అడిగి తీసుకున్నాను. మా వృత్తిలో పనికిరాని కాటాకి ఉన్న పాత ముద్రని ఇన్‌స్పెక్టరు కొట్టేస్తాడు, ఎవరూ మళ్ళీ దాన్ని చూపించి తూచకుండా. అలాగే నా సీలు మీద అడ్డంగా రెండు గీతలు గీసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఫీజు రెండొందలు తీసి పీట మీద పెట్టాను.

శేషగిరి గారు ఆ నోట్లు నా జేబులోకి తోశాడు. "వీటితో ఒక గుండ్రటి బల్బు కొనుక్కో. ట్యూబ్‌లైటు కింద కూచుని జనాలకి ధరలు చెప్పమాక."

కొనుక్కున్నాను. నా బల్ల మీద ఇప్పుడు వేలాడేది అదే.

ఆ నాణెం ఆయన ఇప్పటికీ ఏటా రుద్దుతూనే ఉన్నాడు. ఆపమని నేను అడగలేదు. "అమ్మేది కాదు, దాచేది కాదు. ఇది మా లక్ష్మి. ఇంకో నలభై ఏళ్ళు రుద్దినా ఇంకో రెండున్నర గింజలు," అంటాడు. ధనత్రయోదశికి భ్రమరమ్మ తన నాణేన్ని గురజాల తీసుకెళ్తుంది. గట్టి డబ్బాలో ఉన్నదాన్ని ఉన్నట్టే అన్న నాణెం పక్కన పెడతారు. బొట్టు కూడా ఆ డబ్బా మీదే పెడతారు. పోయినసారి నన్నూ రమ్మన్నారు. ఇంటికొచ్చిన బంధువు ఒకాయన ఆ డబ్బా తెరవబోతే శేషగిరి గారు వేసిన కేక వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. "అంచు! అంచు పట్టుకోవాలి! అసలు ముట్టుకోమాక!"

ఇప్పుడు మాచర్ల నుంచి, వినుకొండ నుంచి కూడా నాణేలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. ప్రూఫ్‌లు వందల్లో చూశాను. కొత్తగా దాచుకోవడం మొదలుపెట్టినవాళ్ళు "బాగా మెరుస్తోంది, ఎంతొస్తుంది?" అని అడిగితే, ధర చెప్పే ముందు తూస్తాను, ఒక్క బల్బు కింద తిప్పి చూస్తాను, బొమ్మ మీద మీగడ తెలుపు ఉందో లేదో చూపిస్తాను. పచ్చగా ఉందని పారెయ్యబోయినవాళ్ళని ఆపుతాను. తుడవబోయినవాళ్ళ చేతిలోంచి గుడ్డ లాక్కుంటాను. వాళ్ళకి చివర్లో టెస్ట్ వెయిట్ల పెట్టె తెరిచి, మూత లోపల అంటించిన, రెండు గీతలతో కొట్టేసిన ఆ కాయితం చూపిస్తాను. ఇరవై ఏడేళ్ళలో నేను రాసిన కాయితాల్లో నేను గర్వంగా చూపించుకునేది అదొక్కటే.

నేనిచ్చే కాయితంలో ముందు మూడు గడులు ఉండేవి: బరువు, స్థితి, ధర. ఇప్పుడు నాలుగు. నాలుగోది "దీనికి ఏం జరిగింది?" ఆ గడి నిండకుండా ధర గడిలో అంకె వెయ్యను. కాటా నిజం చెప్పింది, నేనూ అంకె తప్పు రాయలేదు. ఆ యాభై నాలుగు మిల్లీగ్రాములు ఎక్కడికి పోయాయని అడగలేదు, అంతే.

మొన్న భ్రమరమ్మ తను కొనబోయే మూడు నాణేలు తెచ్చింది. నాకు చూపించకుండా ముందే తన కాయితాలు నాలుగు గడులతో నింపి, బోర్లా పెట్టింది. నేను నావి నింపాను. తర్వాత రెండూ తిరగేసి పోల్చాం. రెండు నాణేలకి ఇద్దరి అంకెలూ కలిశాయి. మూడోదానికి నేను పి.ఎఫ్. 63 వేశాను. ఆమె అంకె వెయ్యలేదు. నాలుగో గడిలో "తుడిచారు, చాలా బాగా తుడిచారు" అని రాసింది.

బల్బు కింద మళ్ళీ తిప్పి చూశాను. మళ్ళీ తిప్పాను. సింహం జూలు దగ్గర సన్నగా ఒక సున్నా తిరిగి ఉంది.

నా కాయితం మీద రెండు గీతలు గీసి, తేదీ వేసి, ఆమె కాయితం మీద నా సీలు వేశాను.